పక్క మంచం మీద వెస్టిండీస్

1948 డిసెంబరు. నూజివీడు చుట్టుపక్కల ఎముక విరిగినవాళ్ళు ముందు కట్టు కట్టే ఆయన దగ్గరికి వెళ్ళి, అక్కడ కుదరకపోతేనే మా దగ్గరికి వచ్చే రోజులు. మాది చిన్న ఆస్పత్రి. ఒక డాక్టరుగారు, ఇద్దరు నర్సులం, రెండు వార్డులు. మగవాళ్ళ వార్డు నాది. నా నోరు మంచిది కాదని అందరికీ తెలుసు. మగవాళ్ళ వార్డు నాకివ్వడానికి అదే కారణమని నా అనుమానం.

ఆ నెలలో ఒకే వారంలో రెండు తొడలు విరిగి వచ్చాయి. మొదటివారు కోటేశ్వరరావుగారు. మామిడితోటలూ మాగాణీ ఉన్న ఇంటి బిడ్డ, మద్రాసులో కాలేజీ చదువు చదివి వచ్చిన పాతికేళ్ళ మనిషి. హనుమాన్ జంక్షన్ దగ్గర లారీని తప్పించబోయి మోటారుసైకిలు మీంచి పడ్డారు. రెండోవాడు సోములు, రెడ్డిగూడెం వైపు తోటల్లో చెట్లెక్కే కూలి. పూత రాకముందే మామిడికొమ్మల మీద పెరిగే బదనికను కోసెయ్యాలి, లేకపోతే అది చెట్టు సారమంతా పీల్చేస్తుంది. ఆ పని మీద పైకెక్కితే కొమ్మ విరిగి కింద పడ్డాడు. ఆ తోట కోటేశ్వరరావుగారిది కాదు, అదొక్కటే నయం.

తొడ ఎముకని మేం ఫీమర్ అంటాం. అది విరిగితే తొడ కండరాలు ఊరుకోవు. విరిగిన రెండు ముక్కల్నీ ఒకదాని పక్కకి ఒకటి లాగేస్తాయి, కాలు పొట్టిదైపోతుంది. అలా కాకుండా కాలికి పట్టీలు అంటించి, తాడు కట్టి, మంచం చివర కప్పీ మీదుగా బరువు వేలాడదీస్తాం. దీన్నే ట్రాక్షన్ అంటారు. రోగి మంచాన్ని కాళ్ళ వైపు చెక్క దిమ్మల మీద ఎత్తి పెడతాం. అలా వెల్లకిలా రెండు మూడు నెలలు పడుకోవాలి. ఇనప గుండ్లు మా దగ్గర ఒక్క జతే ఉండేవి, అవి ముందొచ్చిన కోటేశ్వరరావుగారికి వెళ్ళాయి. సోములుకి ఇటుకలు తూచి గోనెగుడ్డలో మూటగట్టి వేలాడదీశాం.

"నూతిలో చేద వేసినట్టు నా కాలికి ఇదేం కట్టారు నర్సమ్మగారూ?" అన్నాడు సోములు.

వాడి భార్య మంగమ్మకి నవ్వు రాలేదు. "ఏం పాపం చేశాడండీ, కాలికి ఇటుకలు కట్టి ఏలాడేశారు!" అని ఏడుపు లంకించుకుంది.

"ఏడవకు, విను. ఈ మూట ఒక్క పూట దించినా లోపల ఎముక జారిపోతుంది. పొట్టికాలుతో నీ మొగుడు చెట్టెక్కుతాడా?"

"ఎక్కలేడండి."

"మరి దీని జోలికి రాకు."

సరేనంది. కానీ మంగమ్మ అన్న మాత్రం సందు దొరికితే బండి కట్టుకుని వచ్చేసేవాడు. కట్టు కట్టే ఆయన పసరు పోసి పదిహేను రోజుల్లో నడిపిస్తానన్నాడట. సోములు మనసు కూడా అటే లాగేది. కూలి లేదు, పైకప్పు చూస్తూ పడుకోవాలి. క్రిస్మస్ దాటేసరికి ఇక వీడు నాకు దక్కడు అనుకున్నాను. వాడి కాలే వాడి జీవనం. చిటారు కొమ్మమీద ఒంటికాలు మోపి చిక్కంతో కాయ కోసే మనిషికి అరంగుళం తేడా వస్తే బతుకు తేడా వచ్చినట్టే.

అలాంటి సమయంలో వార్డులోకి రేడియో వచ్చింది. కోటేశ్వరరావుగారి మనుషులు దాన్నీ, దాని బ్యాటరీనీ ఇద్దరు కావిడేసుకుని మోసుకొచ్చారు. నేను వద్దన్నాను. డాక్టరుగారు ఒప్పుకున్నారు, ఆయనకీ క్రికెట్ ఆట పిచ్చి ఉందని నాకు అప్పుడే తెలిసింది. ఆ శీతాకాలం వెస్టిండీస్ జట్టు మన దేశంలో టెస్టులు ఆడుతోంది. అంతకుముందు ఏడాది మనవాళ్ళు ఆస్ట్రేలియా వెళ్ళి చితికిపోయి వచ్చారు. అప్పటివరకు మన దేశం ఒక్క టెస్టయినా గెలిచిన పాపాన పోలేదు. స్వతంత్రం వచ్చాక మొదటి గెలుపు సొంతగడ్డ మీద, తన చెవులతో వినాలని కోటేశ్వరరావుగారి పట్టుదల.

రేడియోలో ఇంగ్లీషులో చెప్పేది ఈయన తెలుగు చేసి వార్డంతటికీ వినిపించేవారు. కలకత్తా ఆట మొదలైన రోజు సోములు అడిగాడు.

"అవతలోళ్ళెవరండి బాబుగారూ?"

కోటేశ్వరరావుగారు పేపర్లో బొమ్మ చూపించమని నాకిచ్చారు. నేను తీసుకెళ్ళి చూపించాను. సోములు కళ్ళు పెద్దవి చేశాడు. "అడ్డెడ్డె! ఈళ్ళు దొరలనుకున్నాను. మాలాగా నల్లగా ఉన్నారే!"

"వాళ్ళ తాతముత్తాతల్ని తెల్లవాళ్ళు పట్టుకెళ్ళి చెరుకుతోటల్లో పనికి పెట్టారురా. అక్కడే ఉండిపోయారు," అన్నారు కోటేశ్వరరావుగారు.

"తోటపనోళ్ళా? అయితే నేను ఈళ్ళ పక్క."

వార్డంతా గొల్లుమంది. ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అన్నట్టు మిగతా మంచాలన్నీ ఇండియా, ఆ ఒక్క మంచం వెస్టిండీస్. మొదట్లో కోటేశ్వరరావుగారు కూడా నవ్వారు. పందెం కోడిని ఎగదోసినట్టు వాణ్ణి ఎగదోసేవారు. వాడూ తగ్గేవాడు కాదు, మనవాడు ఎవరైనా అవుటైతే "ఏమండోయ్, మీవోడు ఇంటికెళ్ళాడు" అనేవాడు. కలకత్తా ఆట ఎవరూ గెలవకుండా అయిపోయింది.

"ఇన్ని రోజులాడి ఏమీ తేల్లేదా? కొండని తవ్వి ఎలకనైనా పట్టలేదా? ఇదేం ఆటండీ!" అన్నాడు సోములు.

"మద్రాసులో తేలుతుందిలే."

నాకు కావలసింది అదే. ఆ తర్వాత మంగమ్మ అన్న బండి కట్టుకొస్తే, "మద్రాసు ఆట అయ్యాక చూద్దాంలే బావా" అని సోములే తిప్పి పంపాడు. నేను రోజూ చెప్పిన బుద్ధులు చెయ్యని పని ఒక పెట్టె చేసింది. జనవరిలో డాక్టరుగారు టేపుతో నడుం ఎముక నుంచి చీలమండ దాకా కొలిచారు. రెండు కాళ్ళూ సమానం. నాకు ప్రాణం లేచొచ్చింది. ఎముక చుట్టూ కాలస్, అంటే కొత్తగా పోసుకునే మెత్తటి ఎముక, పడుతోందనీ, అది గట్టిపడేదాకా బరువు కదపకూడదనీ చెప్పారు. ఆ తర్వాత ఆయన చింతలపూడి వైపు టీకాల పని మీద వెళ్ళిపోయారు.

మద్రాసు ఆట వచ్చింది. కోటేశ్వరరావుగారి స్నేహితులు, మామగారు, అందరూ మంచి బట్టలు కట్టుకుని వార్డులోకే వచ్చి కూర్చున్నారు. వెస్టిండీస్ తరపున ముందు దిగిన ఇద్దరూ ఎంతసేపటికీ అవుట్ కారే! ఆ తర్వాత వాళ్ళ బౌలర్ల వేగానికి మనవాళ్ళు నిలబడలేకపోయారు. చివరికి ఇన్నింగ్స్ తేడాతో ఓడిపోయాం. అంటే మనవాళ్ళు రెండుసార్లు ఆడినా వాళ్ళు ఒక్కసారి ఆడినదానికి సరిపోలేదన్నమాట.

వచ్చినవాళ్ళంతా తలలు దించుకున్నారు. సోములు మాత్రం రెండు చేతులూ చరిచి "గెలిచాం!" అని కేక పెట్టాడు.

మామగారు తల తిప్పి చూసి, "ఎవడు వీడు?" అన్నారు. కోటేశ్వరరావుగారి మొహం కందగడ్డయింది. "రేడియో ఇంటికి తీసుకుపొండి," అన్నారు మనుషులతో. ఆ తర్వాత సోములు వైపు మొహం తిప్పలేదు. సోములు ఒకటి రెండుసార్లు "బాబుగారూ" అని పిలిచాడు. ఆయన పలకలేదు. రెండు మంచాల మధ్య మాటలు ఆగిపోయాయి.

రేడియో పోయాక సోములుకి నొప్పి గుర్తొచ్చింది. పట్టీ కోస్తోందని, నడుం పట్టేసిందని మూలుగుతూ ఉండేవాడు. బొంబాయిలో ఆఖరి ఆట రేపనగా మధ్యాహ్నం నేను ఆడవాళ్ళ వార్డులో సాయం చేసి తిరిగొచ్చి చూద్దును కదా, మంగమ్మ ఇటుకల మూట కింద స్టూలు పెట్టి, పైన దుప్పటి కప్పేసింది. తాడు వదులుగా వేలాడుతోంది.

నాకు ఒళ్ళు మండిపోయింది. "ఎన్నాళ్ళ నుంచి ఈ నిర్వాకం?"

"ఇయ్యాలేనమ్మా. ఇప్పుడే. బాధపడుతుంటే చూడలేక..."

నమ్మాను. స్టూలు లాగేసి మూట వదిలాను. సోములు పళ్ళు బిగించి, "నన్ను పంపించెయ్యండి. రేపు బండి రమ్మన్నాను," అన్నాడు.

నేను తిన్నగా కోటేశ్వరరావుగారి మంచం దగ్గరికి వెళ్ళాను. "మీ రేడియో తెప్పించండి," అన్నాను.

"ఎందుకండీ?"

"వాణ్ణి ఇన్నాళ్ళూ మంచం మీద పడుకోబెట్టింది నేను కాదు, మీ రేడియో. రేపు వాడు బండెక్కాడంటే కుంటివాడై దిగుతాడు."

"మన దేశం ఓడిపోతే చప్పట్లు కొట్టినవాడికి నేను మళ్ళీ ఆట వినిపించాలా?" అన్నారు. గొంతులో కోపం కన్నా రోషమే ఎక్కువుంది. తలగడ మీంచి మెడ తిప్పి, అన్ని రోజుల తర్వాత మొదటిసారి వాడితో మాట్లాడారు. "ఏరా, మనం ఓడితే నీకెందుకురా అంత సంబరం?"

"మనం ఓడామని కాదండి. ఆళ్ళు గెలిచారని."

"రెండూ ఒకటే కదరా!"

"మీకు ఒకటేనండి. నాకు రెండండి," అన్నాడు సోములు. "మాబోటోళ్ళు గెలవడం నేనెప్పుడూ ఇనలేదు బాబుగారూ. ఆగలేక అరిచాను," అన్నాడు.

కోటేశ్వరరావుగారు రేడియో తెమ్మని ఇంటికి కబురు పంపారు. తర్వాత వాడితో, "బొంబాయిలో మనవాళ్ళు గెలుస్తారు. అప్పుడు నీ మొహం నేను చూడాలి. అది చూసేదాకా నువ్వు ఆ మంచం దిగడానికి వీల్లేదు," అన్నారు.

"సూద్దాంలెండి," అన్నాడు సోములు. మర్నాడు బండి ఖాళీగా వెనక్కి వెళ్ళింది.

బొంబాయి ఆట అయ్యేదాకా కోటేశ్వరరావుగారు వాడి ఇటుకల మూటకి కాపలా కాశారు. మంగమ్మ అటు వైపు నడిస్తే చాలు, "ఏయ్ మంగమ్మా, దానిమీద చెయ్యి పెట్టకు!" అని గదమాయించేవారు. ఇదేం చోద్యమో అనుకున్నాను కానీ, నా పని తేలికైనందుకు సంతోషించాను. ఆఖరి రోజు సాయంత్రం అందరం రేడియోకి చెవులప్పగించాం. మనవాళ్ళకి ఇంకా ఆరే పరుగులు కావాలి. ఇంకా కొంచెం టైముంది అని కోటేశ్వరరావుగారు అంటూనే ఉన్నారు, ఇంతలో అంపైరు ఆట ఆపేశాడు. గెలుపు ఎవరికీ లేదు. ఆయన చేతులతో మొహం కప్పుకున్నారు.

పక్క మంచం మీంచి సోములు లేవబోయినంత పని చేశాడు. "టైముందన్నారు కదండీ! గెలిచేవోణ్ణి గెలవనివ్వరేంటి? ఇదేం నాయం?"

"నువ్వు వెస్టిండీస్ వాడివి కదరా," అన్నారాయన చేతుల వెనకనుంచే.

"అయితే మాత్రం!"

ఆ తర్వాత వాళ్ళిద్దరి మధ్య మాటలు తెగలేదు. నేను కూడా ఇక గండం గడిచిందనుకున్నాను. డాక్టరుగారు తిరిగొచ్చాక స్టూలు సంగతి చెప్పాను. ఆయన టేపు తీశారు. ఒకసారి కొలిచి, మళ్ళీ కొలిచారు. సోములు కాలు అరంగుళం పైచిలుకు పొట్టిగా ఉంది. ఎముక ఆ వంకరలోనే గట్టిపడింది, ఇక లాగినా రాదు.

"ఒక్క పూట దించితే ఇంత రాదే!" అన్నారాయన నా వైపు చూస్తూ. ఆయన సోములుతో మెల్లగా, "పెద్ద నష్టం లేదోయ్. చెప్పు అడుగున మందంగా తోలు వేయించుకుంటే నడక సరిపోతుంది," అన్నారు.

"చెట్టెక్కేటప్పుడు చెప్పులేసుకుంటారాండీ?" అన్నాడు సోములు.

డాక్టరుగారు టేపు చుట్టి జేబులో పెట్టుకున్నారు. మంగమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు.

అప్పుడు కోటేశ్వరరావుగారు మాట్లాడారు. "ఒక్క పూట కాదండీ. మద్రాసు ఆట అయిపోయిన మర్నాటి నుంచీ పెడుతూనే ఉంది. మీరు అవతలి వార్డుకి వెళ్ళగానే స్టూలు వచ్చేది, మీ అడుగుల చప్పుడు వినగానే పోయేది. నాకు పడుకున్నచోట నుంచి కనబడుతూనే ఉంది."

"మరి చెప్పరేంటండీ?" అన్నాను. అరిచాననే చెప్పాలి.

"వాడితో మాటలు మానేశాను కదా. వాడి సంగతి నాకెందుకు అనుకున్నాను."

సోములే నవ్వడానికి ప్రయత్నించాడు. "మీరు చెప్పినా నేను ఇనేవోణ్ణి కాదులెండి బాబుగారూ. ఓడిపోయినోళ్ళ మాట ఎవరింటారు?"

ఆయన నవ్వలేదు. అటు తిరిగి పడుకోవాలని చూశారు, ట్రాక్షన్‌లో ఉన్న మనిషి తిరగలేడు. అలాగే వెల్లకిలా, కళ్ళు తుడుచుకోకుండా ఉండిపోయారు.

ఆ ఏడాది కాయకోతకి సోములు చెట్టెక్కలేదు, కింద కాయలు ఏరాడు. మరుసటేడు ఎక్కాడని తెలిసింది, కింది కొమ్మల వరకే. చిటారు కొమ్మల కాయలకి వేరేవాణ్ణి పెట్టుకున్నారట. కూలి కూడా ఆ మేరకే.

నర్సుగా ఆ తర్వాత ఎందరికో ట్రాక్షన్ కట్టాను. బరువు ఎందుకో రోగికి చెబుతాం, ఇంట్లోవాళ్ళకి చెబుతాం, అది మాకు నేర్పిన పద్ధతి. ఇంకొకటి నేను చేర్చుకున్నాను. పక్క మంచం మనిషి దగ్గరికి కూడా వెళ్ళి చెబుతాను: "ఆ బరువు కింద ఎప్పుడైనా ఏదైనా పెట్టినట్టు కనబడితే నన్ను కేకెయ్యండి. మీ ఇద్దరికీ మాటలున్నా సరే, లేకపోయినా సరే."