ఓడ బిళ్ల మీద పచ్చ మచ్చ

మా తాతయ్య గడియారాలు బాగుచేస్తాడు. బతుకంతా కంటికి భూతద్దం బిగించుకుని కూర్చోవడం వల్ల ఆయనకు చిన్నవన్నీ పెద్దవిగా, పెద్దవన్నీ చిన్నవిగా కనబడతాయని నానమ్మ అంటుంది. గడియారంలో నలకంత దుమ్ము దొరికితే ఇంటిల్లిపాదినీ పిలిచి చూపిస్తాడు. వంటింటి పైకప్పు కారుతోందంటే మాత్రం "చూద్దాంలే" అంటాడు.

ఆయనకున్న ఒకే ఒక వ్యసనం పాత రాగి నాణేలు. వెండి అంటే చులకన. బంగారమంటే మరీను.

"బంగారం ఎవడైనా దాచుకుంటాడే. రాగిని దాచుకోవాలంటే ప్రేమ ఉండాలి."

"ఆ ప్రేమేదో నా రాగి చెంబు మీద చూపించకూడదూ? తోమలేక చేతులు పడిపోతున్నాయి" అంటుంది నానమ్మ.

నాణేల్లోనూ ఆయనకు పక్షపాతం ఉంది. మామూలు బిళ్లలను కాగితం పొట్లాల్లో చుట్టి చెప్పుల పెట్టెలో పడేస్తాడు. ముద్దొచ్చిన వాటికి మాత్రం మెత్తగా, నిగనిగలాడే ప్లాస్టిక్ తొడుగులు. మాలో ఎవరికీ కొత్త బట్టలు అంత శ్రద్ధగా కొనలేదు. ఆ తొడుగుల వాళ్లందరికీ మహారాణి ఓడ బిళ్ల. అరచేతిలో సగం ఉంటుంది. దాని మీద తెరచాపలెత్తిన ఓడ.

నానమ్మ తమ్ముడికి రెండు వీధుల అవతల లాండ్రీ ఉంది. మేం ఆయన్ని లాండ్రీ తాత అంటాం. బావగారి ఓడను తన ఖాతాదార్లకు చూపించి గొప్పలు పోవాలని ఆయనకు కోరిక. బతిమాలి బతిమాలి తీసుకెళ్లాడు. వానలన్నాళ్లూ గల్లాపెట్టె పక్కన అద్దాల అరలో, తొడుగుతో సహా ఉంచి, భద్రంగా తెచ్చిచ్చాడు. తాతయ్య దీపం కింద పెట్టి చూశాడు. ఓడ మీద ఆకుపచ్చ మచ్చలు.

"చిలుము! నీ ఆవిరి కొట్టులో పెట్టి నా ఓడను ముంచేశావు కదరా!"

"బావా, తొడుగు విప్పితే ఒట్టు."

"నీ కొట్టులో మనుషులకే నాచు పడుతుంది, రాగి ఒక లెక్కా?"

లాండ్రీ తాత చెప్పులేసుకుని వెళ్లిపోయాడు. ఆ తర్వాత రావడం మానేశాడు. ఆదివారాలు ఆయన వచ్చి నానమ్మను ఏడిపిస్తూ, కారమ్స్‌లో దొంగాట ఆడుతూ ఇల్లు పీకి పందిరేసేవాడు. ఇప్పుడు నానమ్మ కారమ్స్ బోర్డు తుడిచి మళ్లీ గోడకు ఆనిస్తోంది. ఉన్నది ఒక్క తమ్ముడు.

చివరికి ఒకరోజు ఆవిడ బిళ్ల తెచ్చి తాతయ్య ముందు ఠక్కున పెట్టింది.

"ఇది చిలుమేనని ఎలా చెప్పారు?"

"రాగి మీద ఆకుపచ్చగా ఉంటే చిలుము కాక మరేంటి?"

"ఆకుపచ్చగా ఉన్నదల్లా చిలుమైతే మన వీధి తలుపు కూడా చిలుమే. సరిగ్గా చూడండి."

ఈలోగా నేను బిళ్లను తొడుగులోంచి లాగబోయాను. రాదే! వేళ్లకు జిడ్డు. వాసన చూస్తే కొత్త రెయిన్‌కోటు వాసన.

"తాతయ్యా, నీ మహారాణి జిగురు కారుస్తోంది."

తాతయ్య మొహం గడియారం ఆగినట్టు ఆగిపోయింది. తేడా ఆయనకు తెలియక కాదు. కొట్టుకు వచ్చినవాళ్లకు అడగకపోయినా చెప్పే పాఠం అది. చిలుము పొడిగా, గట్టిగా, పుండు మీద పక్కులా ఉంటుంది. పల్లాల్లో, అక్షరాల మూలల్లో చేరుతుంది. పుల్లతో గీరితే పొడి రాలుతుంది, లేదా మొండికేస్తుంది. మెత్తటి ప్లాస్టిక్ వదిలిన మడ్డి అలా కాదు. తడిగా, జిడ్డుగా, ప్లాస్టిక్ ఆనిన మిట్టల మీదే పొరలా పరుచుకుంటుంది.

తొడుగును కత్తిరించి బిళ్లను బయటికి తీసి, భూతద్దం పెట్టుకున్నాడు. పచ్చదనమంతా తెరచాపల మీదా అంచు మీదా ఉంది. పల్లాలు శుభ్రం.

"చూపు ఆనడం లేదు" అన్నాడు.

"అసిటోన్‌లో వేస్తే ఆనుతుంది" అంది నానమ్మ. ఆ పాఠం ఆవిడకూ కంఠతా వచ్చు. మడ్డి అయితే అందులో కరుగుతుంది. చిలుము కదలదు.

అక్క గోళ్ల రంగు తుడుచుకునే సీసా తెస్తానన్నాను.

"దాంట్లో నూనె, సెంటు కలుపుతార్రా. బిళ్లకు పెళ్లి చేస్తున్నామా? బల్ల కింద అసలుది ఉంది, తే" అన్నాడు తాతయ్య.

పొయ్యి ఆర్పి, కిటికీలు తీసి, గాజు గిన్నెలో పోశాం. బిళ్లను అంచు పట్టుకుని మెల్లగా దించాడు. ముగ్గురి తలలూ గిన్నె మీద. తన బిళ్లకు చిలుమే పట్టి ఉండాలని తాతయ్య కోరుకోవడం అదే మొదటిసారి అనుకుంటాను.

పచ్చదనం కరిగింది. దూది అద్దితే మిగిలింది కూడా వచ్చేసింది. ఓడ ఎర్రగా బయటపడింది. ఒక్క తెరచాప మీద మాత్రం గరుకు మచ్చ ఉండిపోయింది. ప్లాస్టిక్‌లోంచి పుట్టిన ఆమ్లం అక్కడ రాగిని నాకేసింది. అది ఇక పోదు.

తాతయ్య భూతద్దం తీసి పక్కన పెట్టాడు.

"రేపు వెళ్లి చెప్తాలే."

"చొక్కా వేసుకోండి" అంది నానమ్మ.

పిలవకపోయినా వెనకాలే వెళ్లాను. ఇలాంటివి వదులుకుంటానా? లాండ్రీలో ఆవిరి బుసలు కొడుతోంది. బట్టల కోసం వచ్చినవాళ్లు గోడ పొడుగునా నిలబడి ఉన్నారు. లాండ్రీ తాత తలెత్తకుండా ఒక ప్యాంటును చితకబాదుతున్నట్టు ఇస్త్రీ చేస్తున్నాడు.

"లోపలికి రాకు బావా. నాచు పడుతుంది."

"అది చిలుము కాదురా" అన్నాడు తాతయ్య నేల చూస్తూ.

"ఏంటీ? మిషను గోల, వినబడలేదు."

"చిలుము కాదు! ప్లాస్టిక్!"

లాండ్రీ తాత వంగి మిషను ఆపేశాడు. కొట్టంతా నిశ్శబ్దమైంది.

"ఇప్పుడు చెప్పు. తొడిగిందెవరు?"

"నేనే. నీ ఆవిరిది ఏ తప్పూ లేదు. నీదీ లేదు. నోరు పారేసుకున్నాను."

జనం ముందు తాతయ్య అలా ఒప్పుకోవడం నేనెప్పుడూ చూడలేదు. నవ్వుదామనే వెళ్లాను కానీ నవ్వు రాలేదు. లాండ్రీ తాత తువ్వాలుతో చేతులు పొడిగా తుడుచుకుని, తాతయ్య జేబులోంచి తీసిన బిళ్లను అంచు పట్టి అందుకున్నాడు. గరుకు మచ్చను వెలుగులో అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇదొక్కటేనా? ఇంకా వేటికి తొడిగావు?"

"ఇష్టమైనవాటికన్నిటికీ."

"ఓరి దేవుడా" అని లాండ్రీ తాత ఖాతాదార్ల వైపు తిరిగాడు. "బట్టలు రేపిస్తాను, ఏమనుకోకండి." వాళ్లు గొణుక్కుంటూ బయటికి నడిచాక షట్టర్ కిందికి లాగాడు. "పద బావా, అన్నీ విప్పేద్దాం. దారిలో దూది కొనాలి."