కుక్కకి పడమటి సింహద్వారం

వాస్తు చూడకుండా బాలగంగాధరం గారు తుమ్మనైనా తుమ్మరు. ముక్కు దురద పుడితే ముందు తూర్పెటో చూసుకుని, అటు తిరిగి, అప్పుడు తుమ్ముతారు. ఈలోగా తుమ్ము వెనక్కి వెళ్ళిపోతే అది తుమ్ము తప్పు గాని శాస్త్రం తప్పు కాదు.

కొత్తపేటలో లెక్కల మేష్టారుగా చేసి రిటైరయ్యాక ఈ జబ్బు మరీ ముదిరింది. ఇంట్లో గొడుగు, రోలు, ఆవకాయ జాడీ అన్నీ నైరుతి మూలకే చేరాయి. నైరుతిలో బరువుండాలట. చుట్టాలొస్తే వాళ్ళలో లావుపాటి మనిషిని ఏరి, చెయ్యి పట్టుకు తీసుకెళ్ళి, ఆ మూల కుర్చీలో కూచోబెట్టేవారు. మేష్టారు ఎంత మర్యాదస్తుడో అని వాళ్ళు మురిసిపోయేవారు. అసలు సంగతి తెలిసిన ఆయన భార్య కమలాంబ వంటింట్లోకి పోయి కొంగు నోట్లో కుక్కుకునేది.

ఒకసారి ముక్తేశ్వరం రేవులో పడవెక్కారు. తూర్పు ముఖంగా కూచున్నారు. తెరచాప పడవ తిన్నగా పోదు కదా! గాలిని బట్టి ఇటు కొంత, అటు కొంత పోతుంది. పడవ తిరిగినప్పుడల్లా మేష్టారు బొడ్లోంచి దిక్సూచి తీసి చూసుకుని, తానూ తిరిగేవారు. ఆయన మోకాళ్ళు పక్కవాడికి తగిలి, పక్కవాడు అవతలి వాడి మీద పడి, కోటిపల్లి రేవు చేరేసరికి పడవలో సగం మంది ఒకరి ఒళ్ళో ఒకరున్నారు.

"మేష్టారూ, తమరు ఈసారి రేవు దగ్గరే వాస్తు చూసుకుని ఇంటికెళ్ళిపోండి. ఆయ్, దణ్ణం పెడతాను" అన్నాడు పడవవాడు.

ఇంత ఛాదస్తం ఉన్నా ఊళ్ళో ఆయన మాట మీద గోడలు లేచేవి, పడేవి. దానికి ఆయన ఎవరి దగ్గరా ఏమీ పుచ్చుకోరు. ఉచితంగా వచ్చిన సలహా గనక జనం ఇంకా భయపడి పాటించేవారు.

స్వరాజ్యం వచ్చిన నాలుగైదేళ్ళకి పక్క ఊళ్ళో పిచ్చికుక్క ఒకటి కనపడ్డ వాళ్ళనల్లా కరిచింది. కరిపించుకున్న వాళ్ళు కాకినాడ వెళ్ళి బొడ్డు చుట్టూ సూదులు పొడిపించుకొచ్చారు. దాంతో పంచాయతీ ప్రెసిడెంటు వెంకటరాజు గారు టముకు వేయించారు.

"పౌర్ణమి వెళ్ళిన మర్నాడు వీధికుక్కలన్నిటినీ పట్టి చంపేస్తారహో! పెంపుడు కుక్కయితే మెడకి పట్టీ ఉండాలహో! యజమాని దొడ్లో దానికి ఇల్లుండాలహో! రాజుగారే స్వయంగా వచ్చి చూస్తారహో!"

ఆ టముకు మోగినప్పుడు కమలాంబ నూతి దగ్గర ఉంది. పక్కింటి దుర్గాంబ గారు కూడా నీళ్ళు తోడుకుంటున్నారు. ఆవిడ పిల్లాజెల్లా లేని వితంతువు. మడి మనిషి. గాలి తగిలితే గాలిని కూడా తడిపి పిండి ఆరేసే రకం. అలాంటి ఆవిడ గుమ్మం ముందు ఎర్రటి వీధికుక్క ఒకటి రెండేళ్ళుగా కాపురం పెట్టింది.

"అది నా కుక్కేమిటమ్మా, రామ రామ!" అనేవారావిడ ఎవరడిగినా. "అన్నం మిగిలిపోతే అవతల పారబోస్తున్నాను. అది తింటే నేనేం చెయ్యను?"

ఒంటిపూట తినే మనిషికి రోజూ రెండు పిడికిళ్ళు అన్నం ఎలా మిగులుతుందో ఎవరూ అడగలేదు. ఆ కుక్కకి పేరు కూడా లేదు. "పో పీనుగా, పో!" అని ఆవిడ కసిరేవారు. రెండేళ్ళూ ఆ కేక వెనకాలే అన్నం వచ్చేది గనక, ఆ మాట వినపడితే చాలు అది తోకాడించుకుంటూ పరిగెత్తుకొచ్చేది.

టముకు వాడు వీధి మలుపు తిరిగాడు. దుర్గాంబ గారు నిండిన బిందె ఎత్తుకోవడం మరిచిపోయి, గిలక వంక చూస్తూ నిలబడిపోయారు.

"అత్తయ్యగారూ, బిందె" అంది కమలాంబ. ఊరి వరసన ఆవిడ అత్తయ్యే.

"ఆఁ. కుక్కలు పోతే పీడా పోతుంది" అన్నారావిడ. అని, నిండిన బిందెలోకే మళ్ళీ చేద వంచారు. కమలాంబకి సంగతి బోధపడింది. కుక్క నాది అంటే ఆవిడ మడి పోతుంది, అనకపోతే కుక్క పోతుంది. ఈ గొడవ కమలాంబ ఇంటికెళ్ళి మొగుడితో చెప్పింది. ఆయన విన్నారో లేదో తెలీలేదు. దూలాల వంక చూస్తున్నారు.

మర్నాడు పొద్దున్నే కేక.

"ఏమేవ్! మన స్థలంలో పెద్ద దోషం కనపడిందే. వాయవ్యం ఖాళీగా ఉంది. వాయవ్యంలో పశువుల నివాసం ఉండాలి."

"అయితే ఆవుని కొనండి. పాడైనా ఉంటుంది."

"ఆవు పనికిరాదు. మన స్థలానికి కుక్కే రాసి ఉంది."

"ఏ కుక్కండీ?"

"ఏదో ఒకటి. పక్కింటి గుమ్మంలో ఓటి పడుంటుంది చూడు, అది చాలు."

తాపీమేస్త్రి అబ్బులు వచ్చాడు. అతనికి ఇదేదో చిన్న పని అనిపించి పలుగూ పారా కూడా తేలేదు.

"నాలుగిటికెలు నిలబెట్టి పైన రెండు తాటాకులు పడేద్దావండి. మధ్యాన్నానికి అయిపోద్ది."

"ఒరేయ్ అబ్బులూ! ఇల్లంటే యజమాని మూరతో కొలిచి కట్టాలిరా."

"ఆయ్. అయితే తమ చెయ్యి ఇలా చాపండి."

"ఈ ఇంటికి యజమానిని నేనెలా అవుతాను? ఉండేది కుక్క. కుక్క మూర కావాలి."

అబ్బులు కమలాంబ వంక చూశాడు. కమలాంబ ఆకాశం వంక చూసింది.

కుక్కని పట్టుకుని ముందుకాలు మోచేతి దగ్గర్నించి గోరు చివరి దాకా కొలవడానికి పొద్దు వాలింది. కొలవబోతే అది మేష్టారి మొహం నాకేది. నాకినప్పుడల్లా ఆయన స్నానం చేసొచ్చేవారు. చివరికి ఆ కొలతకి కొబ్బరి ఈనె ఒకటి తుంచి, "ఇదిగో, గోడైనా గుమ్మమైనా దీంతోనే కొలవాలి, పారేశావంటే జాగ్రత్త" అని అబ్బులుకిచ్చారు. పాపం అబ్బులు, తలపాగాలో దోపుకుని తిరిగేవాడు. ఊళ్ళో వాళ్ళు ఆపి, "ఏదీ, కుక్క మూర ఓసారి చూపించు" అని ఏడిపించేవారు.

ఇక ఆయం దగ్గర బండి ఆగిపోయింది. ఇంటి కొలతల్ని ఏవేవో హెచ్చవేసి ఎనిమిదితో భాగిస్తే మిగిలేది ఆయం. ఒకటి మిగిలితే ధ్వజాయం, మూడైతే సింహాయం, నాలుగైతే శ్వానాయం. మనుషుల ఇంటికి శ్వానాయం వచ్చిందంటే ఇల్లాలు ఏడుస్తుంది, మేస్త్రి గోడ పడగొడతాడు. మేష్టారు వంటింటి గోడ నిండా బొగ్గుతో లెక్కలు వేసి, భోజనం మానేసి ఆలోచించి, కుక్కకి శ్వానాయమే శ్రేష్ఠమని తేల్చారు. తీరా చూస్తే అది రాదు! జన్మంతా తప్పించుకు తిరిగిన ఆయం ఇప్పుడు కావాలంటే దొరకలేదు. ఎటు కొలిచినా సింహాయమే వస్తోంది.

"సింహవే ఉంచేద్దావండి, కుక్కకి గౌరవంగా ఉంటది" అన్నాడు అబ్బులు. రెండుసార్లు కట్టిన గోడ రెండుసార్లూ పడగొట్టాడతను.

"నోర్ముయ్. కట్టు."

కమలాంబకి కడుపు మండిపోయింది. పున్నమి దగ్గరపడుతోంది. పక్కింట్లో దుర్గాంబ గారు నూతి దగ్గరికి కూడా రావడం తగ్గించారు. ఇక్కడ చూస్తే ఈయన మిగిలిన అంకె కోసం ఇటికెలు పీకిస్తున్నారు.

"కుక్క చచ్చాక అందులో ఎవర్ని పెడతారండీ, నన్నా?" అని అడిగేసింది.

"నీ కొలతలు వేరు" అన్నారాయన లెక్క మీంచి తలెత్తకుండా.

మూడోసారికి శ్వానాయం కుదిరింది. గోడలు లేచాయి, పైన పెంకులు పడ్డాయి. ద్వారబంధానికి పసుపు రాసి బొట్లు పెట్టారు. కానీ గుమ్మం చూసి కమలాంబ నెత్తి కొట్టుకుంది. గుమ్మం పడమటికి ఉంది. పడమట ఉన్నది దడి. దడి అవతల ఉన్నది దుర్గాంబ గారి దొడ్డి.

"ఆయ్, గుమ్మం అటెడితే కుక్క మనకి వీపు చూపిత్తదండి" అన్నాడు అబ్బులు. "పైగా దడి అడ్డవండి."

"దడికి కన్నం పెట్టు."

"అవతలావిడ ఒప్పుకోవాలి కదండి!"

బాలగంగాధరం గారు దడి మీంచి తల పెట్టి, "పిన్నిగారూ! శాస్త్రం ప్రకారం ఇక్కడ కొంచెం దడి కొయ్యాలి. కొయ్యకపోతే రెండు ఇళ్ళకీ కీడు. తమరికి మడికి ఇబ్బందేమో!" అన్నారు.

"శాస్త్రమంటే నేను కాదంటానా నాయనా!" అన్నారు దుర్గాంబ గారు గబగబా. అంత త్వరగా ఆవిడ దేనికీ ఒప్పుకోగా కమలాంబ చూడలేదు.

పున్నమి వెళ్ళిన మర్నాడు గృహప్రవేశం. ముహూర్తానికి ఇంకా చాలా పొద్దుంది. గుమ్మానికి మావిడాకులు కడుతుండగానే వీధిలో గోల వినపడింది. వెంకటరాజు గారు ముందు, దుడ్డుకర్రల మనుషులు వెనక, వాళ్ళ వెనక ఖాళీ బండి, దాని వెనక ఊరు ఊరంతా. కుక్కల మాటెలా ఉన్నా, కుక్క మూర ఇల్లు చూడాలని అందరికీ సరదాగా ఉంది.

"ఏవండీ మేష్టారూ! కుక్కకి మేడ కట్టించేరట!"

"ఆయ్, దయచేయండి రాజుగారూ."

రాజుగారు చుట్టూ తిరిగి చూశారు. "ఇల్లు భేషుగ్గా ఉందండీ. కుక్కేదీ?"

కుక్క మెడకి కొత్త పట్టీ ఉంది గాని, ఇంట్లో లేదు. ఎప్పటిలాగే దుర్గాంబ గారి వీధి గుమ్మంలో బజ్జుంది. పచ్చి సున్నం వాసన దానికి గిట్టలేదు.

"భైరవమూర్తీ! రా నాయనా, నీ ఇంట్లోకి రా!" అని పిలిచారు మేష్టారు. అది ఆయన రాత్రికి రాత్రి పెట్టిన పేరు. కుక్కకి ఆ సంగతి తెలీదు. ఒక చెవి ఎత్తి మళ్ళీ దించేసింది. కమలాంబ మాత్రం ఉలిక్కిపడింది. ముహూర్తం ఇంకా కాలేదు. చెప్పులేసుకోవడానికి కూడా దుర్ముహూర్తం చూసే ఈ మనిషి, కుక్కని అప్పుడే లోపలికి పిలుస్తున్నారేమిటి?

కమలాంబ బెల్లం ముక్క చూపించింది. అబ్బులు ఈల వేశాడు. కుక్క కదల్లేదు. 

"అందులో ఉండని కుక్కకి అది ఇల్లెలా అవుతుందండీ?" అన్నారు రాజుగారు. ఆయన కఠినుడు కాదు గాని, తాను వేయించిన టముకు తానే కాదనలేరు. కర్రల వాళ్ళు అటు రెండడుగులు వేశారు. 

అప్పుడు పక్కింటి దొడ్డి తలుపు ధడాలున తెరుచుకుంది. తడిబట్టతో దుర్గాంబ గారు దొడ్లోకి వచ్చారు. చేతిలో అన్నం ముద్ద. పొద్దున్నే, ఇంకా నైవేద్యం కూడా పెట్టని అన్నం. ఊరంతా చూస్తుండగా దడి కన్నం దగ్గరికి వచ్చి, ఆ ముద్ద కుక్క ఇంట్లో పెట్టి, "పో పీనుగా! పో! నీ కొంపకి నువ్వు పో!" అని అరిచారు.

కుక్క లేచింది. దొడ్లోకి బాణంలా దూసుకొచ్చి, గడప దాటి, ముద్ద తిని, ఒక చుట్టు తిరిగి పడుకుని, గుమ్మంలోంచి దుర్గాంబ గారి వంక చూస్తూ తోకతో గోడని బాదడం మొదలుపెట్టింది. ఊరంతా చప్పట్లు కొట్టింది. అబ్బులు తలపాగా గాల్లోకి ఎగరేశాడు, అందులో ఈనె ఉందన్న సంగతి కూడా మరిచిపోయి.

రాజుగారు దడికి ఇవతలా అవతలా చూశారు. "యజమాని ఎవరండీ?"

"నేనే" అన్నారు మేష్టారు.

"మరి గుమ్మం అటు పెట్టించేరేవిటండీ?"

"వాస్తండీ."

రాజుగారికి అర్థమైంది. మీసం కింద నవ్వు దాచుకుని, "వాస్తయితే మనవేం చెయ్యగలవండీ!" అన్నారు.

"రాజుగారూ, తమ వాయవ్యం కూడా ఖాళీగానే ఉందండీ. చాలా రోజుల్నించీ చెబుదామనుకుంటున్నాను."

ఆ మాట అక్కడున్న అందరికీ వినపడింది. ప్రెసిడెంటు గారి వాయవ్యంలో దోషముంటే మిగతా వాళ్ళ వాయవ్యాల మాటేమిటి? జనం బండి వాణ్ణి తోసుకుంటూ కుక్కల కోసం పరిగెత్తారు. రాజుగారు ఒక మచ్చల కుక్కని తానే స్వయంగా తీసుకుపోయారు. పొద్దుపోయేసరికి ఊళ్ళో ఇల్లు లేని కుక్క లేదు. బండి వచ్చినట్టే ఖాళీగా వెళ్ళిపోయింది. అబ్బులుకి మాత్రం వర్షాలు పడేదాకా చేతినిండా పని.

ఆ రోజు మధ్యాహ్నం, ఊళ్ళో కుక్కల వేట ఇంకా సాగుతుండగానే, మేష్టారు భోజనానికి కూచున్నారు. తూర్పు ముఖంగానే. కమలాంబ పప్పు వడ్డిస్తూ, "ఏమండీ, వాయవ్యంలో కుక్కే ఉండాలని ఏ గ్రంథంలో ఉందండీ?" అని అడిగింది.

"ఉంటుందిలే. వెతకాలి."

"మరి మన వంటింటి కిటికీ ఏ గ్రంథంలో ఉంది?"

ఆయన పప్పులో నెయ్యి ఎక్కడుందో వెతుక్కుంటున్నట్టు తల దించుకున్నారు.

కమలాంబ కాపురానికి వచ్చిన కొత్తలో ఈ వంటింటికి కిటికీ లేదు. పొగకి కళ్ళు వాచిపోయేవి. ఆ రోజుల్లో పెళ్ళాం కళ్ళు మండుతున్నాయని తల్లితో చెప్పగల మొగవాడు ఆ అగ్రహారంలో లేడు. ఒకనాడు ఈయన, అప్పటికి ఇంకా కుర్రవాడు, "అమ్మా, ఆగ్నేయం గదికి తూర్పున కిటికీ లేకపోతే ఇంటి పెద్దకి మోకాళ్ళ నొప్పులట, శాస్త్రంలో ఉంది" అన్నారు. అత్తగారు మర్నాడే మేస్త్రిని పిలిపించి గోడ కొట్టించారు. అంతకు ముందు ఈయన వాస్తు మాట ఎత్తగా ఎవరూ వినలేదు. ఈ జబ్బు పట్టుకున్నది అక్కడే.

ఇన్నేళ్ళూ ఈ మనిషి ఛాదస్తాన్ని తాను భరిస్తున్నాననుకుంది కమలాంబ. ఇప్పుడు ఆయన మీద పట్టరానంత ప్రేమ ముంచుకొచ్చింది. మనవలెత్తిన వయసులో అది నోటితో చెప్పే మాట కాదు గనక, లేచి వెళ్ళి సాయంత్రానికని దాచిన గడ్డపెరుగు గిన్నె తెచ్చి, మీగడతో సహా ఆయన విస్తట్లో బోర్లించింది.

"ఇదేమిటే? ఈ పూట మజ్జిగ కదూ?"

"ఇవాళ వాస్తు ఇలా ఉందండీ" అంది కమలాంబ. "మాట్లాడకుండా తినండి."