నీళ్లకుండ కింద ఎంజైము

పరిశోధన అన్న మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. మా ఆవిడ కిడ్నీ జబ్బుతో మంచం పట్టినప్పుడు, పరిశోధన అంటూ నలుగురు వచ్చి ఆమె రక్తం పట్టుకుపోయారు. "మళ్లీ వచ్చి చెబుతాం" అన్నారు. ఆవిడ పోయింది. వాళ్లు ఇప్పటికీ రాలేదు.

అందుకే మొన్న గాలివానకు రైలు కోటబొమ్మాళిలో నిలిచిపోయి, మా తమ్ముడి మనవరాలు థర్మాకోల్ పెట్టె ఒళ్లో పెట్టుకుని మా గుమ్మం ముందు ఆటో దిగితే, ముందు ఆ పెట్టెనే చూశాను. ఆ పిల్ల విశాఖలో పరిశోధన చేస్తోంది. పెట్టెను బరంపురంలో ఇంకో లాబుకు తీసుకెళుతోంది.

"తాతా, ఐసు కరిగిపోతన్నాది. బేగి ఫ్రీజర్లో ఎట్టాలి."

"ఏటున్నాదే అందులో?"

"ఎంజైము. మనిషి కిడ్నీలో తయారయ్యేది."

"ఎవులి కిడ్నీలోది? మీ పెద్దమామ్మ రక్తం పట్టుకుపోనారే, అందులోదేనా?"

"ఎవులిదీ కాదు తాతా! మనిషి జన్యువుని సీసాలో పెంచిన కణాల్లో ఎడతారు. ఆ కణాలే దీన్ని తయారుసేస్తాయి. తరవాత శుద్ధి సేస్తారు."

నేను బడి మొహం చూడకపోయినా పాత పేపర్లు ముందేసుకుని ఇంగ్లీషు నేర్చినవాణ్ణి. భూతద్దం పెట్టి, వేలెడైనా లేని ఆ సీసా మీది చీటీ చదివాను. మనిషి ఎంజైమే. కానీ పరిశోధనకు మాత్రమేనట, మనుషులకు వాడకూడదట!

"మనిషి పేరు సెప్పి తయారుసేసి, మనిషికి వద్దంతారేటే? మరెవులికిది?"

"మందు కనిపెట్టాలంటే ముందు దీని మీద సూడాలి తాతా. నా దగ్గర ఇదొక్కటే ఉన్నాది. పాడైతే నా పని ఆగిపోద్ది."

సబబుగానే చెప్పింది. మా ఆవిడ రక్తం పట్టుకుపోయినవాళ్లూ సబబుగానే మాట్లాడారు. అయినా ఫ్రీజర్లో పెట్టనిచ్చాను.

తెల్లారి చూస్తే సీసా లేదు. తీసింది మా అప్ప, నా తోడబుట్టిన అక్క, నాతోనే ఉంటుంది.

"మనిషి ముక్కని రాములోరి కొబ్బరి పక్కన ఉంచుతారర్రా? మైల కాదేటి? నీళ్లకుండ కింద తడి ఇసకలో ఎట్టినాను. తమలపాకులే వాడిపోవక్కడ. ముట్టుకుని సూడు, సల్లగుంది."

పిల్ల సీసా తీసుకుని అక్కడే కూలబడింది.

"పాడైపోనాదా?" అన్నాను.

"పరీక్ష సేస్తేగాని తెలీదు. సేసి, వచ్చి సెప్తాను."

ఆ మాట నాకు కొత్త కాదు. రైళ్లు నడిచాయి, పిల్ల వెళ్లింది. "ఇంకేటొస్తాది?" అన్నాను అప్పతో.

"నీది పుట్టు అనుమానంరా. పెళ్లిపీటల మీద తాళిబొట్టుని గీకి సూసినోడివి."

బరంపురం నుంచి తిరిగొస్తూ ఆ పిల్ల మా ఊళ్లో దిగింది. చెప్పులైనా విప్పలేదు. "అది పనిసెయ్యలేదు తాతా. మళ్లీ తెప్పించుకోవాలి" అంది. అప్ప నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"ఎలగ తెలిసిందే? నిజంగా పరీక్ష సేసినావా?"

కూర్చుని చెప్పింది. అది బతికుంటే మెరుపు రావాలట, రాలేదట. సగం అర్థం కాలేదు. మా ఆవిడ రక్తం గురించి ఇంతసేపు నా ఎదురుగా ఎవరూ కూర్చుని చెప్పలేదు.

"మళ్లీ మొదట్నుంచి సెప్పు" అన్నాను.