బీరు పార్కు గేటు దగ్గర నా చద్దన్నం

బరంపురం శివార్లలోని నీళ్ల పార్కులో, పిల్లల జారుడుబల్ల పక్కనే బీరు అమ్ముతూ, నా చద్దన్నాన్ని మాత్రం గేటు దగ్గర ఆపేశారు.

మనవలతో వెళ్లాను. స్టీలు డబ్బాలో చద్దన్నం, తరవాణి అనే పులిసిన గంజి, ఉల్లిపాయ. బుద్ధెరిగినప్పటి నుంచి వేసవిలో నా మధ్యాహ్న భోజనం అదే. కాపలావాడు మూత తీసి వాసన చూశాడు.

"ఏటి తాతా, బైట మందు లోపలికి తేకూడదు."

"మందేటిరా? సద్దన్నం! మీయమ్మ నీకెప్పుడూ పెట్నేదేటి?"

"పెట్టింది గానీ, తిన్నాక సాయంత్రం దాకా నిద్దరే. మత్తు కాదేటి?"

లోపల బీరు తాగినవాళ్లు కేకలేస్తూ జారుడుబల్ల మీంచి దిగుతున్నారు. బడి మొహం చూడకుండానే తెలుగు, ఒడియా చదవడం నేర్చినవాణ్ని. గేటు మీది నియమాలన్నీ రెండు భాషల్లోనూ గట్టిగా చదివాను. చద్దన్నం మాటే లేదు. వెనక వరుస పెరిగిపోయింది.

"పారీసి ఎల్దాం తాతా, సిగ్గేస్తంది" అంది మనవరాలు.

పారేస్తానా? మేనేజరుని పిలిపించాను. అతనూ వంగి వాసన చూశాడు. వరుసకేసి చూశాడు. మూత పెట్టి డబ్బా నా చేతికిస్తూ చెప్పాడు:

"సరే, తీసుకెల్లండి తాతగారూ. కానీ అది తాగినాక జారుడుబల్ల ఎక్కకూడదు."