పదమూడో చానెల్

ఆవిడ పుస్తకాలకు పేజీలు కూర్చే డీటీపీ మనిషి. కూతురింటికి దేశం మారి వచ్చి మూడు వారాలైంది. అచ్చుకు వెళ్లాల్సిన పుస్తకం ఆవిడ పాత లైనక్స్ ల్యాప్‌టాప్‌లో ఇరుక్కుపోయింది. అందులో ఇరుగుపొరుగు వైఫైలన్నీ కనబడుతున్నాయి, ఇంటిది తప్ప. రూటరేమో ఇంటి ఓనరు తాళం వేసుకున్న గదిలో ఉంది. "దాన్ని పారేయండి అత్తయ్యగారూ, ఈ వయసులో మీకెందుకీ తంటాలు?" అంటూ అల్లుడు కొత్త ల్యాప్‌టాప్ పెట్టె తెచ్చి బల్ల మీద పెట్టాడు. ఆవిడ కళ్లద్దాలు నుదుటి మీదికి తోసింది. కోపమొస్తే చేసే మొదటి పని అదే. "ల్యాప్‌టాప్ నాది బాబూ, తంటాలూ నావే" అంది.

ప్రూఫులు దిద్దిన అలవాటు కొద్దీ, కొట్టిన ప్రతి కమాండునూ గీతల నోటుబుక్కులో రాసుకుని, పని చేయనిదాన్ని ఎర్ర పెన్సిలుతో కొట్టేస్తుంది. వైఫై డ్రైవరు సాఫ్ట్‌వేర్ మళ్లీ ఎక్కించినా లాభం లేకపోయింది. పద్దెనిమిది కొట్టివేతలయ్యాక అల్లుడి ఫోన్ అడిగి తీసుకుని చూస్తే, ఇంటి వైఫై సిగ్నల్ పదమూడో చానెల్‌లో వస్తోంది. ల్యాప్‌టాప్ వెతికే చానెళ్ల పట్టీ పదకొండు దగ్గరే ఆగిపోయింది. అందులోని రెండక్షరాల దేశం కోడ్ ఇంకా పాత దేశానిదే. అక్కడి నిబంధన పదకొండు దాటనివ్వదు. "నేను దిగాను గానీ, ఇదింకా విమానం దిగలేదన్నమాట!" అని నవ్వి ఆ రెండక్షరాలూ మార్చింది. క్షణంలో ఇంటి వైఫై పేరు కనబడింది.

"మరి కొత్తదో?" అన్నాడు అల్లుడు గుమ్మంలోంచి.

"ఉంచు, పనికొస్తుంది" అంది ఆవిడ. విప్పని ఆ పెట్టెను దగ్గరికి లాక్కుని, మెడ వంచే పని లేకుండా పాత ల్యాప్‌టాప్‌ను దాని మీదికెక్కించి, ఆగిన పుస్తకం తెరిచింది.