సాక్సుల మాటకు నవ్వు పెట్టిన రోజు

2023 ఎండాకాలం. సికింద్రాబాద్ స్టేషన్‌కు దగ్గర్లో, ఒక బట్టల దుకాణం పైఅంతస్తులో మా డబ్బింగ్ స్టూడియో. నేను సౌండ్ ఇంజనీర్‌ని. ఓ కామెడీ సీరియల్ రెండో సీజన్ మొదటి ఎపిసోడ్ సాయంత్రం అయిదింటికల్లా ఛానెల్‌కు పంపాలి. హీరోయిన్‌కు తెలుగు సరిగ్గా రాదు. మొదటి సీజన్ నుంచీ ఆమెకు గొంతు సుజాతది. సీరియల్ రాసేది సుజాత భర్త ప్రకాష్.

డబ్బింగ్ చెప్పేవాళ్లు మా దగ్గర స్క్రిప్టు ముందుగా చదవరు. మైకు ముందు నిలబడి సీన్‌ను లూపులుగా, అంటే చిన్న చిన్న ముక్కలుగా, చూస్తూ చెప్పేస్తారు. షూటింగ్‌లో రికార్డయిన మాటలు, మేం పైలట్ ట్రాక్ అంటాం, హెడ్‌ఫోన్‌లో వినిపిస్తుంటాయి. లాఫ్ ట్రాక్, అంటే వెనక వినిపించే జనం నవ్వులు, డబ్బింగ్ అయ్యాకే కలపాలి. ఆ రోజు టైము కలిసొస్తుందని నేను ముందే కలిపేశాను. అతితెలివి.

సీన్ ఇది. అలిగి పుట్టింటికి పోయిన భార్య పదిహేను రోజులకు తిరిగొస్తుంది. అత్తగారు వంటింట్లో డబ్బాలన్నీ మార్చేసింది. "నేను లేకుంటే నీకేం తక్లీఫ్ అయింది?" అని భార్య భర్తను అడుగుతుంది. "సాక్సులు దొరకలే" అంటాడు. పెద్ద నవ్వు. "సాక్సుల కోసమేనా నన్ను రమ్మన్నది?" ఇంకా పెద్ద నవ్వు, చప్పట్లతో సహా.

సుజాత రెండుసార్లు విన్నది. మూడోసారి వేశాను. హెడ్‌ఫోన్ తీసి మెడలో వేసుకుంది. అప్పటికే మూడు దాటింది.

"ఏమైంది సుజా? టైం లేదు," కంట్రోల్ రూంలో నా పక్కన కూర్చున్న ప్రకాష్ మైకులో అన్నాడు.

ఆమె అతని వైపు చూడకుండా నన్ను పిలిచింది. "డేవిడన్నా, ఇది మా నాయన దినాలైనంక ఇంటికొచ్చిన రోజు మేం మాట్లాడుకున్న మాట. నేను అలిగి పోలే."

ప్రకాష్ వైపు చూశాను. పేజీలు తిప్పుతున్నాడు.

"పేర్లు మార్చిన కదా. కామెడీ సుజా ఇది. గింత సీరియస్ ఎందుకు?"

"నవ్వు ఎవరు పెట్టిండ్రన్నా?"

"నేనేనమ్మా," అన్నాను.

ఆమె వెళ్లిపోతే ఎపిసోడ్ ఆగిపోతుంది. అంతకంటే, అక్కణ్నుంచి ఇంటికి వెళ్తుందా, మళ్లీ పుట్టింటికే వెళ్తుందా అని భయమేసింది.

"చెప్తా. గా నవ్వు తీసెయ్యి," అంది చివరికి.

"నవ్వు లేకుంటే సీన్ పడుకుంటది," అన్నాడు ప్రకాష్.

నాకు ఒళ్లు మండింది. "పడుకోనీ," అని రెండు నవ్వులూ తీసేశాను.

సుజాత ఒక్క టేకులో చెప్పింది. ఏడవలేదు, గొంతు పెంచలేదు. ఇంట్లోనూ ఇలాగే అడిగి ఉంటుంది. తర్వాత స్పీకర్లలో ఏ చప్పుడూ లేదు. తెర మీద భర్త నోరు తెరుచుకుని నిలబడ్డాడు. ప్రకాష్ ఆ బొమ్మనే చూశాడు. తర్వాత మైకు బటన్ నొక్కాడు.

"ఆ రోజు నేనేమనాల్సుండె సుజా?"

"నాయన ఎట్ల పోయిండో అడుగుతవనుకున్న."

మిగతా లూపులు పూర్తిచేశాం. ఆ చోట నవ్వు లేకుండానే ఫైలు టైముకి వెళ్లింది. ఇద్దరూ మెట్లు దిగాక, ఉండబట్టలేక కిటికీలోంచి చూశాను. వేర్వేరు ఆటోలు ఎక్కారు.

తర్వాతి ఎపిసోడ్‌కు ఆమె వస్తుందో రాదోనని వారమంతా పరేషాన్ అయ్యాను. వచ్చింది. స్క్రిప్టులో భార్యాభర్తల మాటల్లోంచి నాలుగైదు లైన్లు పెన్సిల్‌తో కొట్టేసి ఉన్నాయి. ఎవరు కొట్టేశారని నేనడగలేదు.

ఇప్పుడు ఎంత తొందరున్నా డబ్బింగ్ కాకముందు నవ్వు కలపను. మాట చెప్పే మనిషి ముఖం చూశాకే నవ్వుల ఫోల్డర్ తెరుస్తాను. కానీ ఒక సంగతి ఇంకా బాధపెడుతుంది. నవ్వు ఎవరు పెట్టారనే సుజాత అడిగింది, నీకూ నవ్వొచ్చిందా అన్నా అని అడగలేదు. వచ్చింది. ఆ నవ్వులు కలిపేటప్పుడు పగలబడి నవ్వాను.