చల్లటి నీళ్ళలో పిసికిన వేరు

మొదటిసారి తారాబాయి ఆ వేరును కషాయం కాచింది. రోట్లో దంచి, నాలుగు మిరియాలు, ఓ అల్లం ముక్క చేర్చి, గిన్నెడు నీళ్ళు పావు గిన్నె అయ్యేదాకా మరిగించింది. జగిత్యాల దగ్గర ఆమె పుట్టిన ఇంట్లో ఏ వేరుకైనా, ఏ బెరడుకైనా అదే పద్ధతి. నిప్పు తగలనిదే మందులో గుణం బయటికి రాదన్నది అక్కడ ఎవరూ ప్రశ్నించని సిద్ధాంతం. చివరికి గిన్నెలో మిగిలింది కషాయం కాదు, గోడకు కాగితాలు అంటించే మైదా జిగురు లాంటి ముద్ద. ఆమె భర్త మొగిలయ్య దాన్ని మూడు రోజులు కళ్ళు మూసుకుని మింగాడు. అతని చేతుల వణుకు అణువంతైనా తగ్గలేదు.

ఆ వణుకు 2007 జూన్‌లో మొదలైంది. వాళ్ళు వలస వచ్చిన దేశంలో, హెండర్సన్ అనే శివారులో, ఒక పక్కవీధి మూలన పాలు, బ్రెడ్డు, పత్రికలు, సిగరెట్లు అమ్మే చిన్న కొట్టు వాళ్ళది; అక్కడ దాన్ని డెయిరీ అంటారు. ఒక శనివారం మధ్యాహ్నం ముఖాలు కప్పుకున్న ఇద్దరు ఇనుపకడ్డీతో వచ్చి, కౌంటర్ అద్దం పగలగొట్టి, చేతికందినవి పట్టుకుపోయారు. భార్యాభర్తలిద్దరూ కౌంటర్ వెనకే ఉన్నారు. ఎవరికీ గీత పడలేదు. పోలీసులు, పొరుగువారు, గుళ్ళో కలిసే తెలుగువాళ్ళు, అందరూ ఒకే మాట అన్నారు: అదృష్టవంతులు, దెబ్బ తగల్లేదు. దెబ్బ ఎక్కడ తగిలిందో లోకానికి ఎప్పుడూ చాలా త్వరగా తెలిసిపోతుంది. ఆనాటి నుంచి తలుపు మీది గంట మోగితే చాలు, మొగిలయ్య రెండు చేతులూ మోచేతుల దాకా వణికేవి. అతను వెనకగదిలోకి పోయి పాల క్రేట్ల మధ్య నిలబడేవాడు. పొద్దున ఏడింటి నుంచి దుకాణం కట్టేసేదాకా కౌంటర్ దగ్గర తారాబాయే.

అతనికి యాభై మూడేళ్ళు. బాలానగర్ ఫ్యాక్టరీలో పద్దెనిమిదేళ్ళు యంత్రం నడిపి, ఈ దేశం వచ్చాక ఆఫీసులు తుడిచి, టాక్సీ తోలి, చివరికి ఈ కొట్టు కొనుక్కున్నాడు. దీని తర్వాత ఇంకేదీ లేదని అతనికి తెలుసు. కొట్టు లీజు వచ్చే మార్చి ఆఖరుకు ముగుస్తుంది. ఇంకో మూడేళ్ళకు సంతకం పెడతారో లేదో చెప్పమని భవనం యజమాని ఉత్తరం రాశాడు.

"కౌంటర్ల నిలబడగలిగితెనే సంతకం పెడ్త" అన్నాడు మొగిలయ్య. "లేకుంటె ఇది నా దుకాణం కాదు."

డాక్టరు ఇచ్చిన మాత్రలు వణుకుతోపాటు మెలకువనూ తీసుకుపోయాయి. బిస్కట్ల అర దగ్గర నిలబడే నిద్రపోయిన రోజున వాటిని అవతల పారేశాడు. అప్పుడే సత్యనారాయణ ఈ వేరు తెచ్చి ఇచ్చాడు. అతను ఫిజీ మనిషి, బ్రెడ్డు వ్యాను నడుపుతాడు. ముత్తాత విశాఖ వైపు నుంచి చెరుకు తోటలకు వెళ్ళినవాడట; సత్యనారాయణకు మిగిలిన తెలుగు పది మాటలే. మొగిలయ్యతో అతను తన ఫిజీ హిందీలో మాట్లాడితే, మొగిలయ్య హైదరాబాదు ఉర్దూలో జవాబిచ్చేవాడు. లోకం కావా అనే ఈ వేరును వాళ్ళు నంగోనా అంటారు. మనసు నెమ్మదిస్తుంది, తాగు అన్నాడు సత్యనారాయణ. ఎలా తాగాలో చెప్పలేదు. నీళ్ళు ఎలా తాగాలో ఎవరు ఎవరికి చెబుతారు?

కషాయం తర్వాత మాత్రల వంతు వచ్చింది. యూనివర్సిటీలో చదివే కూతురు శ్రీజ ఒక డబ్బా తెచ్చింది. లివర్‌కు చేటని ఐరోపాలో కొన్ని దేశాలు ఈ మాత్రల్ని ఆపేశాయని కూడా చదివి వచ్చింది కాబట్టి, రెండుకు మించవద్దని తండ్రి చేత మాట తీసుకుంది. రెండు మింగాడు, తర్వాత కూతురికి తెలియకుండా నాలుగు. తల బరువెక్కింది. గంట మోగితే చేతులు మళ్ళీ వణికాయి. పూర్వం ద్వీపాల్లో ఈ వేరును నమిలేవారని ఎక్కడో విని, ఒకరోజు వెనకగదిలో వేపపుల్ల నమిలినట్టు నమిలాడు. నాలుక కొయ్యబారింది. ఓ అరగంట చేతులు కొంత కుదుటపడ్డాయి. ఆ అరగంటలో వచ్చిన ముసలామెకు పాలు ఎక్కడున్నాయో చెప్పబోతే మాట పెగల్లేదు.

ఈ కథంతా విన్న సత్యనారాయణ వ్యాను మెట్టు మీద కూలబడి నవ్వాడు.

"కాచారా! మరి తాలింపు పెట్టలేదా భాయ్? అదొక్కటే తక్కువైంది."

ఆదివారం మధ్యాహ్నం అతన్ని తన గరాజుకు తీసుకెళ్ళాడు. నేల మీద చాప, మధ్యలో వెడల్పాటి బేసిన్, చుట్టూ ఆరేడుగురు. వేరు పొడిని పల్చటి గుడ్డలో మూటగట్టి చల్లటి నీళ్ళలో పిసుకుతారు. నీళ్ళు వాగునీళ్ళ రంగుకు తిరిగాక మూటను గట్టిగా పిండి తీసేస్తారు. వేడి తగిలితే వేరులోని పిండి గంజి కట్టి గుణాన్ని పట్టేస్తుంది. ఒకసారి చప్పట్లు కొట్టి, కొబ్బరిచిప్పలో పోసింది ఆపకుండా తాగాలి. కడుపు ఖాళీగా ఉండాలి. మొదటి ఆదివారం మొగిలయ్యకు ఏమీ కాలేదు, రెండోదీ అంతే. వేరు ముందు మనిషిని చూసుకుంటుంది, తొందరపడకన్నాడు సత్యనారాయణ. అతని ముంజేతుల చర్మం ఏళ్ళుగా నంగోనా తాగే అలవాటుకు చేప పొలుసుల్లా ఎండి ఉంది. మూడో ఆదివారం, ఎవరో ఫిజీలోని తమ ఊరు రాకిరాకి వరదల గురించి చెబుతుండగా, మొగిలయ్య తన మోకాళ్ళ మీద రెండు చేతులు కదలకుండా ఉండటం చూశాడు. అవి తనవేనని నమ్మడానికి అతనికి కొంతసేపు పట్టింది.

ఇక్కడే అతను పొరబడ్డాడు. చాప, మనుషులు, కథలు, వేచి ఉండటం, ఇవన్నీ పైమెరుగులనీ మందు గిన్నెలోనే ఉందనీ అనుకున్నాడు. పొడి కొని తెచ్చి, రోజూ పొద్దున దుకాణం తెరవకముందు పిసికి ఇవ్వమన్నాడు. సత్యనారాయణ వద్దన్నాడు.

"ఇది కూర్చునే మందు భాయ్. నిలబడే మందు కాదు."

తారాబాయి మాత్రం మారు మాట్లాడకుండా పిసికింది. వాడలో బడికి వెళ్ళే పిల్లలు కూడా లేవని వేళకు బేసిన్ ముందు కూర్చునేది. అవసరమైనదానికన్నా ఎక్కువసేపు పిసికేది.

ఫిబ్రవరి చివర్లో ఒక ఉదయం మొగిలయ్య మూడు చిప్పలు తాగి, కౌంటర్ వెనక స్టూలు మీద కూర్చుని, నువ్వు లోపల కాసేపు ఒరుగు అని భార్యకు చెప్పాడు. ఎనిమిది నెలల్లో అది మొదటిసారి. గంట మోగింది. పత్రిక కోసం వచ్చినతనికి పత్రిక ఇచ్చాడు. మళ్ళీ మోగింది, పాలు ఇచ్చాడు. చేతులు నిశ్చలంగా ఉన్నాయి. మూడోసారి టోపీ ముఖం మీదికి లాక్కున్న ఒక మనిషి వచ్చి, కౌంటర్ చుట్టి లోపలికి నడిచి, సిగరెట్ డబ్బాలు తీరిగ్గా సంచిలో వేసుకోసాగాడు. మొగిలయ్యకు అంతా స్పష్టంగా కనిపించింది. ఆ మనిషి ఎడమ బూటు తాడు ఊడి ఉందని కూడా గమనించాడు. లేవాలని తెలుసు. కాళ్ళు దూరంగా ఎక్కడో ఉన్నాయి. వాటిని పిలవవలసిన తొందర ఏదీ లోపల పుట్టలేదు. చప్పుడు విని తారాబాయి బయటికి వచ్చింది. ఆ మనిషి పోతూ పోతూ ఆమెను తోసేశాడు. ఆమె బ్రెడ్డు స్టాండు మీద పడి, కుడి మణికట్టు కింద నలిగింది. మొగిలయ్య అది కూడా చూశాడు, వాన కురవడం చూసినట్టు.

నిర్భయత్వాన్ని సద్గుణాల వరసలో మొదట నిలిపారు పెద్దలు. పక్కమనిషి పడిపోతున్నా కదలని నిర్భయాన్ని ఏమనాలో వారు చెప్పినట్టు లేదు. భయం ఒక్కటే ఎప్పుడూ విడిగా పోదు. పోయేటప్పుడు మనిషికి అక్కరకు వచ్చే మరేదో వెంట తీసుకుపోతుంది.

మణికట్టు విరిగింది. కట్టు వేయించుకుని ఇంటికి వచ్చాక, వంటింట్లో కూర్చుని మొగిలయ్య అన్నాడు.

"నువ్వు పడ్డప్పుడు నాకు భయం కాలే, తారా."

"నాకు తెల్సు. నీ మొఖం చూసిన."

ఆమె కట్టులేని చేతిని బల్ల మీద పెట్టింది. అది సన్నగా, ఆగకుండా వణుకుతోంది.

"ఎనిమిది నెలల సంది గిట్లనే ఉన్నది. కౌంటర్ కింద పెట్టుకుని దాస్తున్న. నువ్వొక్కసారన్న చూసినవా?"

మొగిలయ్య వంగి ఆ చేతిని చూశాడు.

"వేరు పిసికేటప్పుడు ఆగుతది" అంది తారాబాయి. "అందుకే పిసికిన. నీకోసం కాదు."

మర్నాడు అతను ఏమీ తాగకుండా కౌంటర్ దగ్గర నిలబడ్డాడు, నిలబడేవాళ్ళు వేరే లేరు కాబట్టి. దాన్ని ధైర్యం అనడం అతిశయోక్తి. చిల్లర నేల మీద జారిపోయేది, ఏరుకునేవాడు. కొందరు ఓపిగ్గా ఆగారు, కొందరు తర్వాత రాలేదు. నాలుగు వారాలు వణుకుతూనే నిలబడ్డాడు. నిలబడగలిగితే సంతకం పెడతానన్న మాట అతనికి గుర్తుంది. మార్చి ముప్పైన లీజు కాగితాన్ని సంతకం లేకుండానే తిప్పి పంపాడు. ఈ వణుకుతో ఇంకో మూడేళ్ళు తను నిలబడితే, కట్టు విప్పాక తారాబాయి కూడా పక్కన నిలబడాల్సిందే. అది అతను ఇక అడగలేడు. ఇకమీద ఏం చేస్తారని శ్రీజ ఇంగ్లీషులో అడిగింది. తెలియదని ఇద్దరూ తెలుగులో చెప్పారు.

ఆ మధ్యాహ్నం తారాబాయి బేసిన్ తెమ్మంది. మిగిలిన పొడి అంతా గుడ్డలో పోసి, మూట ఒక కొసను అతను పట్టుకుంటే, ఆమె ఎడమచేత్తో పిసికింది. నీళ్ళు చల్లగా ఉన్నాయి, మెల్లగా మట్టిరంగుకు తిరిగాయి. నీళ్ళలో ఉన్నంతసేపు ఆమె చెయ్యి వణకలేదు. ఇద్దరిలో ఎవరూ తాగలేదు. పొడిలో సారమంతా పోయాక కూడా ఆమె పిసుకుతూనే ఉంది, ఎందుకంటే చెయ్యి బయటికి తీస్తే ఏమవుతుందో ఇద్దరికీ తెలుసు.